యాకుత్‌పురా గొంతు



విద్యార్థి దర్శకులైన మీ సినిమాలు నిన్నటి నుంచి చూస్తున్నాను. పాతబస్తీలోని యాకుత్‌పురా స్టేషన్ ప్లాట్‌ఫాం, జర్దోజీ కార్ఖానాలో చట్రం మీదికి వంగిన పనివాళ్లు, ఇరుకు గల్లీలో సాయంకాలపు వెలుగు. బొమ్మకు వంక పెట్టను. కానీ మనిషి నోరు తెరవగానే వెనక సితార్ మోగుతోంది. ఆ మనిషి గొంతు ఏమైంది?

శబ్దం టెక్నీషియన్ పని, దర్శకుడికి బొమ్మ వస్తే చాలని తీర్పు చెప్పేవారు ఈ వేదిక మీదా ఉన్నారు. వారితో నా తగువు పాతది, ఇవాళా రాజీ లేదు. మన చిత్రసీమకు డబ్బింగ్ అలవాటు కావడానికి ఒకప్పుడు కారణం ఉంది: కెమెరా మోతలో మాట నిలిచేది కాదు. మీ చేతిలోని ఫోనుకు ఆ మోత లేదు. మరి పాతబస్తీ మనిషికి స్టూడియో గొంతు ఎందుకు?

ఆ మనిషి మాట్లాడే దక్కనీ నోటి మీద బతికే భాష. 1974లో దర్శకుడు శ్యామ్ బెనగళ్ ‘అంకుర్’లో దాన్ని వినిపించారు. 2005లో ‘ది అంగ్రేజ్’ వస్తే అందులోని ఇస్మాయిల్ భాయ్ మాటలు నగరమంతా వల్లించింది. వట్టి హాస్యమని తీసిపారేసిన విమర్శకులు ఆ మాటతీరును చెవిన పెట్టనే లేదు. ఇంతకన్నా బాధ డాక్యుమెంటరీ దర్శకురాలు దీపా ధన్‌రాజ్ పని గురించి. 1983లో ఆమె యుగాంతర్ బృందం స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘంతో కలిసి తీసిన ‘ఇది కథ మాత్రమేనా?’, 1984 హైదరాబాదు అల్లర్ల మీద 1986లో వచ్చిన ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ మీలో ఎందరు చూశారు? రెండోదాన్ని బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ పునరుద్ధరించింది. ఈ ఊరి గొంతులను అంత దూరంలో భద్రం చేశారు. మన తరగతి గదుల్లో వాటిని వినిపించాల్సింది మనం కాదా?

మేం పదహారు ఎంఎం ప్రొజెక్టర్ హోరులో సినిమాలు చూసిన తరం. స్పీకరు బొంగురుపోతే, గల్లీలోని ఒక పెద్దాయన లేచి ఆ మాటలు దక్కనీలో గట్టిగా చెప్పేవారు. తెర వదిలేసి ఆయన్నే వినేవాళ్లం. నా చెవి అక్కడ తెరుచుకుంది.

ఈ ఉదయం ఒక జట్టు చెప్పింది: ఫోనులో తీసిన బొమ్మ, విడిగా రికార్డు చేసిన మాట కాసేపటికి ఒకదానితో ఒకటి తప్పిపోయాయట. ఫోను ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, అందుకే అలా జరుగుతుంది. దాన్ని స్థిరంగా ఉంచే యాప్ వాడండి, బొమ్మ, మాట కలపడానికి గుర్తుగా ప్రతి షాట్ మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టండి. అవార్డుల జాబితా కన్నా ఇలాంటి అనుభవాలే నాకు కావాలి. ఇంకోటి: ఫోను రికార్డింగ్ స్థాయిని తనంతట తానే పెంచేస్తుంది, మాట ఆగగానే ఫ్యాను హోరు మీదికొస్తుంది. కాలర్ మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. షాట్ అయ్యాక అందరినీ కదలకుండా నిలిపి, ఒక నిమిషం మాటల్లేని గది శబ్దాన్ని రికార్డు చేయండి. ఎంఎంటీఎస్ రైలు వస్తే దాటనివ్వండి; మాట మీద పడ్డ రైలు మోతను ఎడిటింగ్‌లో పూర్తిగా తీయలేరు.

ఎడిటింగ్‌లో తీసేసిన శబ్దాన్ని చెరిపేయకండి. ఎవరు, ఎక్కడ, ఏ తేదీన మాట్లాడారో రాసి, వారి అనుమతితో రెండు హార్డ్ డిస్కుల్లో దాచండి. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి ఉంది. విద్యార్థుల ముడి శబ్దానికి హైదరాబాదులో అలాంటి ఒక గది అడుగుతున్నాను. ఆ మేరకు తీర్మానం ముసాయిదా కార్యదర్శి దగ్గర ఉంది. భోజనాలకు లేచే ముందే చర్చకు పెడుతున్నాను. వ్యతిరేకించేవారు ముందుగా పేర్లు ఇవ్వండి.