మోకాళ్ల నొప్పికి ముందు పేరు తెలుసుకోండి

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సభ్యుల సమావేశంలో ఒక ఎముకల వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పాల కేంద్రంలో వెన్న శాతం చూడనిదే ఎవరూ పాలకు ధర కట్టరు. కాని మోకాలు నొప్పి పుడితే మాత్రం, అది ఏ రకం నొప్పో చూడకుండానే మందుల షాపులో నాలుగు బిళ్లలు కొని మింగేస్తాం. కూర్చుని పాలు పితకలేక పాడిగేదెను అమ్ముకునే దాకా వైద్యుని వద్దకు రానివారు ఉన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

కీళ్లనొప్పులన్నీ ఒకటి కావు. ఎక్కువమందికి వచ్చేది అరుగుదల. ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నని మృదులాస్థి వయసు వల్ల, బరువు వల్ల, పాత దెబ్బల వల్ల అరుగుతుంది. మెట్లెక్కినా, గొంతుక్కూర్చుని లేచినా నొప్పి పెడుతుంది. విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది.

రెండవది కీళ్లవాతం. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు వాచి, తెల్లవారి లేచాక గంటకు పైగా బిగుసుకుని ఉంటాయి. ఇది వయసులో ఉన్నవారికీ వస్తుంది. ఆలస్యం చేస్తే కీళ్లు వంకరపోతాయి. తొలి నెలల్లోనే వైద్యం మొదలుపెడితే చాలావరకు అరికట్టవచ్చు.

మూడవది పశువుల నుండి వచ్చే బ్రూసెల్లోసిస్. ఈసుకుపోయిన పశువు మాయను ఒట్టి చేతులతో తీసినవారికి, పచ్చిపాలు తాగినవారికి ఇది సోకవచ్చు. వస్తూ పోతూ ఉండే జ్వరం, చెమటలు, నడుము, తుంటి, మోకాళ్ల నొప్పులు దీని లక్షణాలు. ఇటువంటప్పుడు “మా ఇంట్లో పశువులున్నాయి” అని వైద్యునికి తప్పక చెప్పండి. రక్తపరీక్షతో తెలుస్తుంది. మందులు కనీసం ఆరు వారాలు మానకుండా వాడాలి. పాలు కాచి తాగండి. చేతులకు తొడుగులు వేసుకోండి. 4 నుండి 8 నెలల పెయ్యదూడలకు టీకా వేయించండి.

పేరు తెలియని పొట్లాలు, సొంతంగా కొన్న బిళ్లలు రోజుల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే నొప్పి మాయమైనట్లే ఉంటుంది గాని, ఎముకలు గుల్లబారతాయి, చక్కెర పెరుగుతుంది.

అరుగుదల ఉన్నవారు గొంతుక్కూర్చోవడం మాని ఎత్తుపీట మీద కూర్చుని పాలు పితకండి. ఒక కిలో బరువు తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి, ఐదు లెక్కపెట్టి దించండి. ఒక్కొక్క కాలితో పదిసార్లు, పూటపూటా చేయండి. తొడ కండరం గట్టిపడితే మోకాలికి అదే ఊతకర్ర.

ఇవన్నీ చేసినా రాత్రి నిద్ర పట్టకుండా, నాలుగడుగులు వేయలేకుండా ఉంటేనే శస్త్రచికిత్స మాట. మోకాలును మొత్తం తీసివేస్తారని భయపడవద్దు. అరిగిన పైభాగాలను మాత్రం తొలగించి లోహపు తొడుగులు వేసి, మధ్య ప్లాస్టిక్ పలక అమరుస్తారు. తుంటి మార్పిడిని నేటి రూపానికి తెచ్చినవారు ఇంగ్లండు వైద్యుడు జాన్ చార్న్లీ. అది 1962 నాటి మాట. మార్చిన మోకాళ్లలో పదింట ఎనిమిది 25 ఏళ్ల పాటు పనిచేస్తున్నాయి. చాలామందిని మరునాటికే చేతి ఊతంతో నడిపిస్తారు. ఆ తరువాతి నెలల్లో వ్యాయామం మానితే మాత్రం ఫలితం దక్కదు. నేలమీద గొంతుక్కూర్చోవడం ఇక కూడదు. ఇంట్లో కుర్చీ వంటి మరుగుదొడ్డి, కొట్టంలో ఎత్తుపీట ముందే ఏర్పాటు చేసుకోండి.

మోకాలి పరికరాలకు 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయించింది. పరికరం ధరను బిల్లులో విడిగా చూపమని అడగండి.

పశువు మేత మానితే ఆ పూటే వైద్యుని పిలుస్తారు. ఆ శ్రద్ధ మీ మోకాళ్ల మీద కూడా చూపండి.