పలక చూసిన మాస్టారు
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు నేలకు వెలుపల డెబ్బై అయిదేండ్లుగా తెలుగు దీపాన్ని కొండెక్కనీయక కాపాడిన పాఠశాల ఇది. వెబ్‌సైట్ల తయారీ నా వృత్తి. అందులో నేనెరిగిన ఒక అనుభవాన్ని, చదువుకునే పిల్లలకు సంబంధించినది గనుక, మీ ముందుంచుతాను.

2016లో ఒక సంస్థ తెలుగు విద్యార్థుల ఉపకార వేతనాలకు వెబ్‌సైటు పెట్టింది. దరఖాస్తు ఫారంలో ఒక గడి ‘మొదటి పేరు’, దాని పక్క గడి ‘చివరి పేరు’. ఇంగ్లీషు ఫారానికి అది మక్కికి మక్కి అనువాదం. చివరి పేరును ఇంటిపేరుగా లెక్కించి, దానిని ముందుకు జరిపి, మార్కుల జాబితాతో పోల్చే ఏర్పాటు చేశారు. పేరు సరిపోలలేదంటూ అనేక దరఖాస్తులు తిరిగి వచ్చాయి. సరిదిద్దుకునేలోగా కొందరు పిల్లలకు గడువు దాటిపోయింది. కారణం కనుగొనే పని మా బృందానికి అప్పగించారు.

మొదట సర్వరులోని లెక్కలు చూశాము. ఎందరు వచ్చారు, ఏ పుటలో ఎంతసేపున్నారు, ఎక్కడ విరమించారు అన్నది అవి చెబుతాయి, ఎందుకన్నది చెప్పవు. ఇక్కడ అందరూ ఫారాన్ని చివరిదాకా నింపారు గనుక, లెక్కల దృష్టిలో అంతా సవ్యమే.

తరువాత ప్రశ్నావళి పంపాము. ‘బాగానే ఉంది’ అన్నారు. తప్పు రాశామని తెలియనివారు, ఆ తప్పు ఎక్కడుందో ఎలా చెప్పగలరు?

మూడవది నిపుణుల పరిశీలన. కొన్ని సూత్రాలను దగ్గరుంచుకుని పుట పుటా పరీక్షించే ఈ పద్ధతిని 1990లో రోల్ఫ్ మోలిక్, జాకబ్ నీల్సన్ ప్రతిపాదించారు. నిపుణులు సన్నని అక్షరాలను, అర్థంకాని దోష సందేశాలను పట్టుకున్నారు. అవన్నీ నిజమైన లోపాలే. కాని పేరు గడుల దగ్గర ఎవరూ ఆగలేదు.

నాల్గవది, రెండు రూపాలను వేర్వేరు సందర్శకులకు చూపి ఫలితాలను పోల్చడం. 2012లో బింగ్ శోధన యంత్రంలో ప్రకటనల శీర్షికలో చేసిన చిన్న మార్పు ఆదాయాన్ని 12 శాతం పెంచిందని ఇలాగే తేలింది. కాని దీనికి సందర్శకులు వేల సంఖ్యలో కావాలి. పైగా రెండు రూపాలలోనూ ఒకే తప్పుంటే పోలికకు అది చిక్కదు.

చివరకు ఐదుగురు విద్యార్థులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, మనసులో అనుకున్నది పైకి చెబుతూ ఫారం నింపమన్నాము. మేము సాయపడలేదు, చూస్తూ కూర్చున్నాము. ఒక అమ్మాయి, “మొదటి పేరంటే ఇంటిపేరే గదా!” అంటూ రాసింది. మరి ఇద్దరూ అదే చేశారు. కందుకూరి వీరేశలింగం అన్నప్పుడు ముందు వచ్చేది కందుకూరే గదా! తప్పు పిల్లలది కాదు, ఫారానిది. రెండు గడులు తీసి, ‘మార్కుల జాబితాలో ఉన్నట్లే పూర్తి పేరు’ అని ఒకే గడి పెట్టించి, మరి కొందరితో మళ్ళీ పరీక్షించాము. ఈసారి ఎవరూ తడబడలేదు.

ఐదుగురు చాలునా అని మీరడగవచ్చు. నీల్సన్, లాండౌర్ 1993లో వేసిన లెక్క ప్రకారం ఒక్కరితో సగటున 31 శాతం లోపాలు, ఐదుగురితో సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయి. అది సగటు మాత్రమే. విద్యార్థులు వేరు, వారి తల్లిదండ్రులు వేరు. ఎవరిని వారుగా పరీక్షించాలి. ఎందరు పొరబడుతున్నారో ఐదుగురు చెప్పలేరు; దానికి లెక్కలే కావాలి. కనుక ఏ పద్ధతినీ తోసిపుచ్చనక్కరలేదు. ముందు నిపుణులు పైపై లోపాలు తీయాలి, ఆపై వాడేవారిని చూడాలి, అటుపిమ్మట లెక్కలతో సరిచూడాలి.

ఈ సత్యం నాకు కొత్త కాదు. ఈ బడిలోనే మా మాస్టారు పాఠం చెప్పి, “అర్థమైందా?” అని అడిగేవారు. “అర్థమైందండీ!” అని ముక్తకంఠంతో అరిచేవాళ్ళము. ఆయన మా మాట నమ్మేవారు కారు. వరుసల మధ్య నడుస్తూ, మేము రాస్తుండగా పలకలు చూసేవారు.

మన పాఠశాలకూ వెబ్‌సైటు రాబోతున్నదని విన్నాను. దానిని ప్రారంభించే ముందు, బిడ్డను బడిలో చేర్పించవచ్చిన ఐదుగురు తల్లులను దాని ముందు కూర్చోబెట్టండి. బాగుందా అని అడగకండి, పలక చూడండి. సెలవు.