మోకాళ్ల నొప్పులు – ఆకులు, పొడులు



నాట్ల కాలం వచ్చిందంటే ఏ ఊళ్లో విన్నా ఒకటే మాట. "మోకాళ్లు లాగుతున్నాయమ్మా" అని. వంగి నాటేది ఆడవాళ్లు. కింద కూర్చుని అంట్లు తోమేది ఆడవాళ్లు. నొప్పులూ వాళ్లకే ఎక్కువ.

ఈ నొప్పికి మన పెద్దవాళ్లు వావిలాకు వాడేవారు. వావిలి వాగుల ఒడ్డున, గట్ల మీద పెరుగుతుంది. ఆకులు నీళ్లలో మరగబెట్టి, ఓర్చుకునే వేడిలో గుడ్డ ముంచి కాపడం పెడతారు. వేడికి బిగిసిన కండలు సడలుతాయి. హాయిగా ఉంటుంది. కానీ అరిగిన కీలు మళ్లీ పెరగదు. కీలు ఎర్రగా వాచి జ్వరం కూడా ఉంటే కాపడం పెట్టవద్దు, ఆసుపత్రికి వెళ్లాలి.

కొందరు ఆముదం రాసి జిల్లేడాకు కడతారు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆకు కోసిన చేతులు బాగా కడుక్కోవాలి. నల్లజీడి రసం మాత్రం పెట్టించుకోవద్దు. చర్మం కాలి పుండు పడుతుంది. పాత నొప్పికి తోడు కొత్త నొప్పి!

ఆకుల సంగతి ఇంతే. అసలు భయం పొడులతోనే.

కూరగాయలు అమ్ముకునే ఒక అమ్మ సంగతి వినండి. సంతలో ఒకతను "అంతా వేరు మందు" అని చెప్పి పొడి పొట్లాలు ఇచ్చాడు. రెండు రోజుల్లో నొప్పి మాయమైంది. "దేవుడిచ్చిన మందు" అనుకుంది. ఆరు నెలలు మింగింది. మొహం గుండ్రంగా ఉబ్బింది. దాహం పెరిగింది. షుగరు వచ్చింది. ఒక వారం సంతకు అతను రాలేదు. పొడి అయిపోయింది. ఆమెకు వాంతులయ్యాయి, కళ్లు తిరిగి పడిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు పొట్లం అడిగాడు. ఆమె రాత్రి బడిలో అక్షరాలు నేర్చింది. పొట్లం అటూ ఇటూ తిప్పి చూసింది. చదవడానికి ఒక్క అక్షరం లేదు! మందు పేరు లేదు, చేసినవాళ్ల పేరు లేదు, లైసెన్సు నంబరు లేదు, తేదీ లేదు.

ఇలాంటి పొడుల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ కలుపుతారు. అది చెడ్డ మందేం కాదు. డాక్టర్లూ కొలత ప్రకారం ఇస్తారు. కొలత లేకుండా నెలల తరబడి మింగితే ఎముకలు గుల్లబారతాయి. మన ఒంట్లో సహజంగా తయారయ్యేది తయారవడం తగ్గిపోతుంది. అందుకే ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పుడు ఎవరైనా అలాంటి పొడి వాడుతుంటే ఇవాళే పారేయకండి. పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయనే మెల్లగా తగ్గించి మానిపిస్తాడు.

ఇంకో మాట. పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోయి, గంటదాకా ముడవలేకపోతే అది కీళ్లవాతం కావచ్చు. వయసులో ఉన్నవాళ్లకూ వస్తుంది. తొందరగా మందు మొదలుపెడితే వేళ్లు వంకర పోకుండా చాలావరకు ఆపవచ్చు. ఆకులతో కాలం గడిపితే ఆ అదను దాటిపోతుంది.

ఆ కూరగాయల అమ్మ పొడి మానేయడానికి చాలా నెలలు పట్టింది. ఇప్పుడు ఎత్తు పీట మీద కూర్చుని అంట్లు తోముతుంది. రాత్రి వావిలాకు కాపడం పెట్టుకుంటుంది. తర్వాత మంచం అంచున కూర్చుని, ఒక్కో కాలు చాపి, పది లెక్కపెట్టి దించుతుంది. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుతుందని డాక్టరు నేర్పాడు. ఆమె లెక్క పైకే పెడుతుంది. పక్కనున్న మనవరాలు కూడా కలుపుతుంది.