రక్షకకణములకు విరమణాజ్ఞ
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



ఊరిలో దొంగల భయము కలిగినపుడు మీరు యువకులను ప్రోగుచేసి, కఱ్ఱలిచ్చి, రాత్రులు కాపలా పెట్టుదురు. భయము తీరిన పిదప వారిని ఇండ్లకు పంపవలెను గదా! పంపనిచో ఆ కఱ్ఱలు ఒకనాటికి ఊరివారి మీదనే లేచును. మన శరీరమునందును ఇట్టి ఏర్పాటే కలదు.

రోగక్రిములు ప్రవేశించినపుడు రక్తములోని తెల్లకణములలో ఒక జాతియగు లింఫోసైట్లు వేగముగా పెరిగి పోరాడును. అప్పుడు మెడలోను, చంకలలోను బిళ్ళలు కట్టుట మీరెఱిగినదే. క్రిములు నశించిన తరువాత ఆ అదనపు కణములలో అధికభాగము చావవలెను. కొన్ని మాత్రమే శత్రువును జ్ఞాపకముంచుకొని నిలుచును.

ఈ మరణమునకు మార్గములు పలు గలవు. మరల మరల రేగిన కణములను, స్వశరీరముపైననే తిరుగబడు కణములను తొలగించుటలో ముఖ్యమైనది 'ఫాస్' అను గ్రాహకము. ఇది కణము పైపొరయందుండు ప్రోటీను. వేరొక కణముపైనుండు 'ఫాస్ లిగాండ్' దీనితో కలిసినపుడు, లోపల కాస్పేజులను ఎంజైములు మేల్కొని కణమును ఖండించును. ఆ ముక్కలను భక్షకకణములు మ్రింగివేయును. వాపు గాని చీము గాని కలుగదు. ఇట్టి క్రమబద్ధమైన మరణమునకు 1972లో కెర్, వైలీ, కరీ అను శాస్త్రజ్ఞులు 'అపాప్టోసిస్' అని పేరిడిరి.

జపాను శాస్త్రజ్ఞుడు షిగెకాజు నాగాతా బృందము 1991లో ఫాస్ జన్యువును వేరుపరచెను. గ్రంథులు, ప్లీహము విపరీతముగా పెరుగు ఒక తెగ చిట్టెలుకలలో ఆ జన్యువే చెడియున్నదని 1992లో తేలెను. 1995లో కొందరు పిల్లలయందును ఆ లోపమే కనబడెను. వైద్యులు ఈ వ్యాధిని క్లుప్తముగా 'ఆల్ప్స్' అందురు. ఈ పిల్లలకు బిళ్ళలు నెలల తరబడి తగ్గవు. కడుపులో ప్లీహము పెరుగును. విరమణ లేని రక్షకకణములు సొంత రక్తకణములనే నాశనము చేయుటచే కొందరు పాలిపోవుదురు. కొందరికి సులభముగా రక్తస్రావమగును.

ఇది అరుదైన వ్యాధి. అయినను మీకొక మనవి. పూర్వము పిల్లల కడుపులో ప్లీహము పెరిగినచో 'బల్ల' యని వాతలు పెట్టెడివారు. బల్లకు మలేరియా మొదలు రక్తవ్యాధుల వరకు పలు కారణములుండును; రక్తపరీక్ష లేక కారణము తెలియదు. బిళ్ళలు వారముల తరబడి తగ్గకున్నను, కడుపు ఉబ్బినను, ఆ బిడ్డను ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపింపుడు. ఆల్ప్స్ జన్యులోపమే గాని అంటువ్యాధి కాదు, శాపము అంతకన్నను కాదు. రక్షకకణముల దూకుడును అణచు మందులు నేడు కలవు. ఆ బిడ్డను బడికి, ఆటకు దూరము చేయనీయకుడు.