చెరకు ఆకు, చెరకు వంశం

వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ స్మృతిలో మాట్లాడమన్నప్పుడు, 1930లలో కోయంబత్తూరులో ఆమె పరిశోధించిన చెరకు తప్ప మరో విషయం నాకు తోచలేదు.

తీపి చెరకుకు లిన్నేయస్ 1753లో శాకరమ్ అఫిసినారమ్ అని పేరు పెట్టాడు. మన రెల్లుకూ అదే ప్రజాతిలో చోటిచ్చాడు. సామర్లకోటలో తోట పెంచి, తర్వాత కలకత్తా వెళ్లిన రాక్స్‌బర్గ్ చైనా చెరకును వేరే జాతి అన్నాడు. 1912లో మొదలైన కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో బార్బర్ ఉత్తరాది సన్న చెరకులను ఐదు తెగలుగా విడదీశాడు. 1925లో యెస్వియెట్ వాటిలో చాలావాటికి బార్బర్ పేరే పెట్టాడు. వీళ్లంతా ప్రధానంగా చూసింది పైరూపం: గెడ మందం, కణుపు, కన్ను మీది నూగు.

ఆకు లోపల వేరే కథ నడుస్తోంది. ఆకును అడ్డంగా పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టండి. పై పొరలో అక్కడక్కడ పెద్ద కణాల గుంపులు కనిపిస్తాయి. ఎండకు ఆకు చుట్టుకునేది వాటిలో నీరు తగ్గినప్పుడే. ఈనెల చుట్టూ ముదురు పచ్చని పెద్ద కణాలు దండ గుచ్చినట్టు ఉంటాయి, వాటి వెలుపల మరో వరుస పత్రాంతర కణాలు. 1880లలోనే హేబర్లాంట్ ఈ అమరికను వర్ణించి, రెండు వరుసలూ పని పంచుకుంటున్నాయేమోనని ఊహించాడు. ఆ ఊహ నిజమని తేలడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1965లో హవాయిలో కోర్చాక్ బృందం, 1966లో బ్రిస్బేన్‌లో హాచ్, స్లాక్ చెరకు ఆకుకు రేడియోధార్మిక కార్బన్ అందించి చూశారు. బయటి వరుస కార్బన్ డయాక్సైడ్‌ను నాలుగు కార్బన్ల ఆమ్లంగా పట్టి లోపలికి పంపుతుంది. లోపలి వరుస దాన్ని విడదీసి చక్కెర తయారుచేస్తుంది. మండుటెండలో చెరకు అంత ఏపుగా పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. ఓపికగా కోసిన ఒక్క పలచని పొర రసాయనశాస్త్రానికి దారి చూపిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అయితే ఈ అమరికను బట్టే చుట్టరికం నిర్ణయించలేం. వరి గడ్డి కుటుంబానిదే, దాని ఆకులో ఈ దండ లేదు. తోటకూరలో ఉంది, అది చెరకుకు ఏమీ కాదు. ఈ పద్ధతి వేర్వేరు వంశాల్లో అరవైకి పైగా సార్లు విడివిడిగా పుట్టింది. ఇవన్నీ తేలకముందే, 1931లో, అవ్‌దులోవ్ గడ్డిజాతుల వర్గీకరణకు ఆకు నిర్మాణంతోపాటు క్రోమోజోములనూ జోడించాడు.

జానకి అమ్మాళ్ కృషి విలువ ఇక్కడే తెలుస్తుంది. తీపి చెరకులో 80 క్రోమోజోములు. రెల్లులో 40 నుంచి 128 దాకా, చోటును బట్టి మారతాయి. ఆ వైవిధ్యాన్ని ఆమె శ్రద్ధగా పరిశీలించారు. రెల్లుతో సంకరం చేసిన కో 205 రకం అప్పటికే, 1918లోనే, పొలాలకు చేరింది. రాక్స్‌బర్గ్, యెస్వియెట్ వేరు జాతులన్నవి కూడా తీపి చెరకు, రెల్లుల సంకరాలేనని తర్వాతి జన్యు పరిశీలనలు తేల్చాయి.

విద్యార్థులకు నా విన్నపం ఒకటే. ప్రాక్టికల్స్‌లో మొక్కజొన్న ఆకుతో ఆగిపోకండి. గోదావరి లంకల్లోని రెల్లునూ కోసి చూడండి, బొమ్మ గీయండి, ఊరి పేరు, తేదీ రాసి నమూనాను మీ కాలేజీ హెర్బేరియంలో భద్రపరచండి.