ద్వాదశి పారణకు దశమినాడే ఆలోచన



ముక్కోటి ఏకాదశి ఉపవాసాన్ని గూర్చి మనం ఎంతో ముందుగా ఆలోచిస్తాము. మరునాటి పారణను గూర్చి ఆలోచించము. దినమంతా విశ్రాంతి పొందిన ఉదరానికి తెల్లవారగానే పులిహోర, గారెలు, చక్రపొంగలి, పాయసం ఒక్కమారుగా అందిస్తాము. ఇది ఉపవాసానికి తగిన ముగింపు కాదని నా అభిప్రాయం.

శ్రీవైష్ణవ గృహాలలో ద్వాదశినాడు అవిసె ఆకు కూర, ఉసిరిక పచ్చడి వండే ఆచారమున్నది. పారణ వంటను దశమినాడే, భోజనం చేసిన పిదప నిశ్చయించుకొనండి. ఏకాదశినాటి ఆకలితో వ్రాసిన సరుకుల పట్టీ ఎప్పుడూ పెద్దదే! తీపి ఒక్కటి చాలును. ఉదరంలో సగం అన్నానికి, పాతిక జలానికి, మిగిలిన పాతిక వాయువుకు అని అష్టాంగహృదయం చెప్పిన కొలత.

మధుమేహమున్నవారు నన్ను తరచు అడుగుతారు, ప్రసాదాన్ని కాదనవచ్చునా అని. కాదనవలదు. తీర్థం ఎన్ని చుక్కలు పుచ్చుకొంటున్నాము? చక్రపొంగలిని కూడ అట్లే చిటికెడు కన్నులకద్దుకొని స్వీకరించండి. భక్తికి అది లోటు కాదు. ఉపవాసముండదలచినవారు మందుల వేళలను ముందుగానే వైద్యుని అడిగి తెలిసికొనవలెను; ఇందులో మొహమాటం ప్రమాదకరం.

వడ్డించిన పదార్థాన్ని విస్తరిలో విడిచిపెట్టుటకంటె, వడ్డించకముందే చేయి అడ్డుపెట్టుట మర్యాద. అన్నప్రసాద పంక్తిలో సేవచేసేవారికి కూడ నాదొక మనవి. "మరికొంచెం" అని ఒకమారు అడగండి. రెండవమారు వద్దు.