పౌరశాస్త్రము – మన సంఘ బిడ్డలు
(యౌవనస్థుల కూటములో చేసిన ప్రసంగము)



పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారములో తల్లిదండ్రులు నా యొద్దకు వచ్చి చెప్పే మాట ఒకటే: "అయ్యగారూ, మార్కులు చాలలేదు. హెచ్.ఇ.సి.లోనో, సి.ఇ.సి.లోనో చేర్చాలి." ఎం.పి.సి., బై.పి.సి.లో సీటు వస్తే కృతజ్ఞత కానుక తెస్తాము. ఈ గ్రూపులంటే తల వంచుకొంటాము. ఈ రెండింటిలోను ఉండే పౌరశాస్త్రమును గూర్చి నేడు రెండు మాటలు చెప్పనివ్వండి.

మన తాతలు జిల్లా కచ్చేరి పనికి కర్నూలు వెళ్ళేవారు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములు అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. ఈ మార్పులు ఎవరు, ఏ అధికారముతో చేశారని మనలో ఎందరు అడిగాము?

ఒక ఆదివారము ఇంటరు రెండవ సంవత్సరము చదివే అమ్మాయి నన్ను అడిగింది: "అయ్యగారూ, 1950 రాష్ట్రపతి ఉత్తరువులో మూడవ పేరా మనకెందుకు అడ్డము?" వేదాంత కళాశాలలో చదివిన నాకు జవాబు తెలియలేదు. సిగ్గుపడి ఇంటికి వెళ్ళి చదివాను. షెడ్యూల్డు కులముల హోదాను ఆ పేరా మతముతో ముడిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో ఆ కులములనుండి క్రైస్తవులైనవారిని బి.సి. 'సి' వర్గములో ఉంచి ఒక శాతము రిజర్వేషను ఇచ్చారు. 2023 మార్చిలో, వారికి షెడ్యూల్డు కులముల హోదా ఇవ్వాలని మన శాసనసభ తీర్మానించింది.

ఈ సంగతి తెలియకనే గుడిలో ఒక పేరు, కాగితము మీద ఒక పేరు పెట్టుకొని భయముతో బ్రదికే కుటుంబములున్నవి. వారిని నేను నిందించను. పిల్లల చదువు కోసము పడిన బాధ అది. అయితే దాగుకొనుట పరిష్కారము కాదు, ప్రాధేయపడుటయు కాదు. న్యాయము కాదని తోచిన ఉత్తరువును మార్చమని బహిరంగముగా అడుగుట పౌరుని హక్కు. అడుగవలెనంటే ముందు దానిని చదువగలగాలి.

అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయము చూడండి. కొరడాలతో కొట్టుటకు కట్టినప్పుడు పౌలు ఏడ్వలేదు, తిట్టలేదు. శిక్ష విధింపని రోమీయుని కొట్టుట న్యాయమా అని శతాధిపతిని ప్రశ్నించాడు. ఆ ఒక్క ప్రశ్నకు అధికారి భయపడ్డాడు. తరువాత కైసరు ఎదుట చెప్పుకొందుననియు అన్నాడు. పౌలు సువార్తతోపాటు తన పౌరసత్వమును ఎరిగినవాడు.

1989 నుండి మనకు 18 ఏండ్లకే ఓటు వచ్చింది. ఇంటరు ముగించిన బిడ్డ త్వరలోనే ఓటరు అవుతాడు. ఆ చేతికి సిరా గుర్తు పడకముందే ఓటు విలువ నేర్పే పాఠమిది. వైద్యులు కావలెను, ఇంజనీర్లు కావలెను. కచ్చేరిలో కాగితము చదివి తల్లిదండ్రులకు అర్థము చెప్పే బిడ్డయు ప్రతి సంఘములో కావలెను. వచ్చే ఏడు మీ బిడ్డ ఈ పాఠము ఎన్నుకొంటే విచారముతో రాకండి. కృతజ్ఞత కానుకతో రండి, కలిసి ప్రార్థన చేద్దాము.

దేవుడు మన బిడ్డలకు సత్యమును చెప్పు ధైర్యము దయచేయును గాక. ఆమేన్.